అంతా గ్యాసే అనుకున్నాం

"ఏమైందన్నా, గింత చిక్కిపోయినవ్?" అని అడుగుతున్నారు తెలిసినవాళ్లు. నిద్రమాత్రలు మానేశానని చెబుతున్నాను. "గంతేనా?" అంటున్నారు. గుండెకు స్టెంటు వేశారంటే కుర్చీ లాగి కూర్చోబెట్టేవాళ్లు. కిడ్నీలో రాయి అన్నా కొబ్బరినీళ్లు తెప్పించేవాళ్లు. నిద్రమాత్రలు మానడానికి ఒక మనిషికి ఏడాది దాకా పట్టిందంటే, ఆ ఏడాదిలో ఇల్లంతా అతలాకుతలమైందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. ప్రతి చాయ్ బండి దగ్గరా నిలబడి ఆ 'గంతేనా'కు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది చదివి ఎవరూ తమ మాత్రలు తీసుకెళ్లి చెత్తబుట్టలో వేయకండి. నేను చేసిన తెలివితక్కువ పని అదే. ఆ సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

పళ్ల మార్కెట్ వెళ్లిపోయిన ఏడాది

మా ఇల్లు గడ్డిఅన్నారంలో, పాత పళ్ల మార్కెట్ వెనక వీధిలో. నేను పత్రికలో డెస్కు మీద పనిచేశాను. ఉద్యోగమంతా దాదాపు రాత్రి డ్యూటీలే. జిల్లా ఎడిషన్లు పంపించి ఇంటికొచ్చేసరికి తెల్లవారుతూ ఉండేది, వీధిలో లారీలు సరుకు దించుతూ ఉండేవి. హమాలీల కేకలు, వేలం పాటలు, మాగిన బత్తాయిల వాసన. వాటి మధ్య దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయేవాణ్ని. 2021లో మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది. ఆ ఏడాదే నేనూ రిటైరయ్యాను. వీధి ఒక్కసారిగా బోసిపోయింది.

"ఇగ మంచిగ పండుకోవచ్చు," అంది నా భార్య సుగుణ.

అదిగో, ఆ రోజునుంచే నాకు నిద్ర దూరమైంది. ఇన్నేళ్లూ పగలు పడుకున్న ఒళ్లు రాత్రిని మంచం మీద గడపడానికి ఒప్పుకోలేదు. ఒంటినేమనను? దాని డ్యూటీ చార్టు ఎవరూ మార్చలేదు. వీధి చివర డాక్టరు ఒక చిన్న మాత్ర రాసి, కొన్నాళ్లే వాడండి, తర్వాత నాకు కనబడండి అన్నాడు. మాత్ర వేసుకున్నాను. నిద్ర వచ్చింది. వచ్చాక ఇంక ఆయనకు కనబడాల్సిన పనేముంది?

మా దగ్గర మందుల దుకాణంలో ఒక పద్ధతుంది. డాక్టరు చీటీ మొదటిసారికే. తర్వాత నుంచి ఖాళీ అయిన షీటే చీటీ. దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లి గల్లా మీద పడేస్తే, మల్లేశం వెనక్కి తిరిగి అలాంటిదే కొత్తది తీసి ఇస్తాడు. మాటల్లేవు. షీటు పూర్తిగా అయిపోయేలోపు ఒక ముక్క కత్తిరించి పర్సులో దాచుకోవడం సుగుణకు అలవాటు. ఇంట్లో అందరి మందుల ముక్కలూ ఆవిడ చేతిసంచిలో ఒక చిన్న జిప్పు అరలో ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో చాలామంది ఆడవాళ్ల సంచుల్లో ఈ అర ఉంటుంది. కావాలంటే చూడండి.

కొన్నాళ్లు అన్న మాట నెలలైంది, నెలలు ఏళ్లయ్యాయి. ఒకటి చాలక ఒకటిన్నర అయింది. మల్లేశం ఒకసారి అడిగాడు. "సార్, గీ నిద్ర గోలీ ఇంకా వాడుతున్నరా?"

"ఏం, వాడొద్దా?"

"నాకేమెర్క సార్. పేపర్ల రాసెటోళ్లు మీరు. మీకు తెల్వదా?" అని ఇచ్చేశాడు.

రెండో ఎండాకాలం

ఈ భాగం రాయాలంటే ముందు గ్యాస్ గురించి చెప్పాలి.

మన ఇళ్లలో గ్యాస్ కాని జబ్బు లేదు. ఛాతీ పట్టేస్తే గ్యాస్. వీపు మధ్యలో పోటు వస్తే గ్యాస్. కళ్లు తిరిగినా, చెయ్యి తిమ్మిరెక్కినా, ఊరికే దిగులుగా ఉన్నా గ్యాసే. అప్పటికి నాకు సాయంత్రం అయ్యేసరికి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉండటం మొదలైంది. గుండె దడ. అరచేతుల్లో చెమట. కారణం లేకుండా భయం. ఇంట్లో ఎవరికీ ఏ అనుమానమూ కలగలేదు. గ్యాస్ అన్నారు.

మా పై పోర్షన్‌లో ప్రసాదరావుగారని బ్యాంకులో చేసి రిటైరయిన పెద్దమనిషి ఉంటారు. తెనాలివైపు వాళ్లు. నేను మెట్ల మీద ఛాతీ రుద్దుకుంటూ కనబడితే ఆగిపోయారు.

"ఏవండీ, గ్యాసా? ఉండండుండండి. మా ఆవిణ్ని ఒక మాత్ర పంపమంటాను. పది నిమిషాల్లో తేన్పు వచ్చి తేలికైపోతుంది. మా ఇంట్లో అన్నం మానేస్తాం గానీ ఇది మానమండీ!"

వేసుకున్నాను. తేన్పు రాలేదు. కానీ నిజంగానే తేలికైంది. ఛాతీ మీద కూర్చున్నవాడు లేచి వెళ్లిపోయాడు. భయం కూడా వాడితోపాటే పోయింది. గ్యాస్ కాబట్టే గ్యాస్ మాత్రకు తగ్గిందని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. మర్నాడు ప్రసాదరావుగారి ఖాళీ షీటు ముక్క ఒకటి సుగుణ సంచిలోకి చేరింది.

ఆ తర్వాత మతి జారడం మొదలైంది.

అప్పట్లో నేనొక వారపత్రికకు చిన్న శీర్షిక రాసేవాణ్ని. ఒక వారం పంపిన వ్యాసాన్నే తర్వాతి వారం మళ్లీ రాసి పంపాను. కాపీ చేసి కాదు, కొత్తగా కూర్చుని, కష్టపడి, మొదటిదానికంటే కాస్త అధ్వానంగా. ఇంకోరోజు మలక్‌పేటలో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాల్సినవాణ్ని కళ్లు తెరిచేసరికి ఎల్‌బీ నగర్‌లో, చివరి స్టేషన్‌లో ఉన్నాను. నిద్రపోవడం వింత కాదు. దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక ఎటు వెళ్లాలో తెలియలేదు. పేరు తెలిసిన ఊళ్లోనే, బోర్డులన్నీ చదవగలుగుతూనే, తోవ తెలియక నిలబడ్డాను. పూల బుట్ట చంకన పెట్టుకున్న ఒకావిడ ఆగింది.

"ఏడికి పోవాలె సారూ?"

"గడ్డిఅన్నారం."

"అయ్యో, దాటొచ్చిన్రు. రాన్రి, ఆ తట్టుది ఎక్కుదాం," అని నన్ను తనతో తీసుకెళ్లి, నా స్టేషన్ వచ్చేదాకా నావైపు చూస్తూనే కూర్చుంది. దిగేటప్పుడు "ఇంటికి ఫోన్ చెయ్యమంటరా?" అని అడిగింది. వద్దన్నాను. కోపంగానే అన్నాను. ఆవిడకు ఈ రోజు క్షమాపణ చెప్పుకుంటున్నాను, ఆవిడ ఎక్కడున్నా.

ఇంట్లో చెప్పకపోయినా ఇంట్లో తెలిసింది. తెలిసిందని నాకెలా తెలిసిందంటే, సుగుణ నన్ను తిట్టడం మానేసింది. పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో తిట్టు లేకుండా చాయ్ దిగింది లేదు. గ్లాసు ఎక్కడ పెట్టిన్రు, తువ్వాల ఎందుకు గట్లేసిన్రు, గింత పెద్ద చదువు సదివి కరెంటు బిల్లు కట్టనీకి రాదా. అలాంటి మనిషి, నేను స్టవ్ మీద గిన్నె మాడబెట్టిన రోజున, "పోనియ్యున్రి, ఏం గాదు" అంది మెత్తగా. ఏ స్కానింగులోనూ తేలకముందే నా జబ్బు నా భార్య గొంతులో తేలింది.

దసరా దాటాక

మా అబ్బాయి శ్రీకాంత్ వనస్థలిపురంలో ఉంటాడు. ఒక ఆదివారం వచ్చి, "నాన్నా, బండి తాళం ఇయ్యి, సర్వీసింగ్‌కు ఇస్త" అన్నాడు. ఇచ్చాను. బండి ఇంకా సర్వీసింగ్‌లోనే ఉంది. మనవణ్ని బడి నుంచి తీసుకొచ్చే పని కోడలే చూసుకుంటానంది. "మీకెందుకు మామయ్యా శ్రమ" అంది. అందరూ ఒక్కసారిగా ఇంత మర్యాదస్తులైపోయారేమిటా అనుకున్నాను.

పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడి వెయిటింగ్ హాల్లో పెద్ద టీవీలో ఆ ఆసుపత్రి గురించే ప్రకటన తిరుగుతూ ఉంటుంది. ఎదురుగా కూర్చున్నాయన తన భార్యను "ఈమె ఎవరు?" అని కొడుకును అడుగుతున్నాడు. ఆ కొడుకు ప్రతిసారీ ఓపికగా చెబుతున్నాడు. శ్రీకాంత్ ఫోన్‌లోకి చూస్తున్నట్టు నటిస్తున్నాడు గానీ, వాళ్లనే చూస్తున్నాడని నాకు తెలుసు. నేనూ వాళ్లనే చూస్తున్నాను. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

లోపల డాక్టరు గొడుగు, రైలు, నిమ్మకాయ అని మూడు మాటలు చెప్పి, కాసేపు ఇంకేదో మాట్లాడి, ఆ మూడూ చెప్పమన్నాడు. గొడుగు చెప్పాను. రైలు చెప్పాను. మూడోది రాలేదు. ఎన్నో ఏళ్లు ఇతరులు రాసిన వార్తల్లో తప్పులు పట్టి జీతం తీసుకున్న మనిషిని, ఒక నిమ్మకాయ దగ్గర ఆగిపోయాను. నాకు డాక్టరు మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

"మందులేం వాడుతున్నారు?"

"బీపీది, నిద్రది. అంతే సార్," అంది సుగుణ.

అబద్ధం కాదు. గ్యాస్ మాత్రను మేమెవరం మందు కింద లెక్కేయలేదు. జీలకర్ర లాగా, వాము లాగా అదీ వంటింటి సరుకే. ఆ మాటకొస్తే నేను అప్పటికి రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నాను.

డాక్టరు స్కానింగు చూశాడు. పెద్ద తేడా కనబడటం లేదన్నాడు. "ముందు నిద్రమాత్ర తగ్గించండి. తగ్గించాక రండి. ఇది మతిమరుపు జబ్బుకు మొదలా, లేక మందు మత్తా అన్నది అప్పుడు తేలుతుంది."

తగ్గించండి అన్నాడాయన. నా చెవికి ఆపండి అని వినబడింది. బయటికి రాగానే నాలో చాలాకాలంగా నిద్రపోతున్న పౌరుషం లేచింది. ఇంటికొచ్చి, ఉన్న నిద్రమాత్రల షీట్లన్నీ చెత్తబుట్టలో వేసి, సుగుణ ముందు చేతులు దులుపుకున్నాను.

చలికాలం

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పగలనో లేదో. కుక్కర్ విజిల్ వేస్తే చెవిలో మేకు దిగినట్టుండేది. ఒంటి మీద బనియన్ గోనెసంచిలా గుచ్చుకునేది. గ్లాసు పట్టుకుంటే చాయ్ అంచుల దాకా ఊగేది. గోడకున్న క్యాలెండరు గాలికి కదిలితే గుండె గొంతులోకి వచ్చేది. ఒక పేరు పెట్టడానికి వీల్లేని భయం, పొద్దున్నే నాకంటే ముందు లేచి మంచం పక్కన నిలబడేది. ఛాతీలో పట్టేయడం మాత్రం పాతదే. దానికి మందు ఉండనే ఉంది కదా. గ్యాస్ మాత్ర రెండు నుంచి మూడయింది, మూడు నుంచి నాలుగయింది.

నెమ్మదిగా వణుకు తగ్గింది. నిద్ర కూడా అంతో ఇంతో పట్టింది. నేను గెలిచానని అందరికీ ఫోన్లు చేసి చెప్పాను. పాత డెస్కు మిత్రుడొకాయన "నువ్వు మొండోడివిరా" అని మెచ్చుకున్నాడు.

కానీ మతి తిరిగి రాలేదు. ఇంకా మసకబారింది. చదివిన పేరా మళ్లీ మొదటినుంచి చదవాల్సి వచ్చేది. వారపత్రికవాళ్లు ఎంతో గౌరవంగా, కొంతకాలం విశ్రాంతి తీసుకోండి సార్ అన్నారు. మా రంగంలో ఆ మాటకు అర్థమేమిటో నాకు బాగా తెలుసు. నేనే ఎందరికో ఆ మాట చెప్పాను.

ఇంట్లో లెక్క తేలిపోయింది. నిద్రమాత్ర ఆపినా మతిమరుపు తగ్గలేదు. అంటే మందు కాదు. అంటే జబ్బే. ఒకరోజు మధ్యాహ్నం నేను పడుకున్నాననుకుని హాల్లో తల్లీకొడుకులు మాట్లాడుకున్నారు.

"అమ్మా, ఇగ నాన్నను ఒక్కన్ని ఇడువొద్దు."

"నేనేడికి పోత ఇడిసిపెట్టి?"

"గట్ల గాదు. రేపు మనల్ని గుర్తు పట్టకపోతే..."

"నోరు ముయ్యి," అంది సుగుణ. వంటింట్లో పంపు తిప్పిన చప్పుడు వచ్చింది. సింకులో గిన్నెలేం లేవని నాకు తెలుసు.

నాకు చావు భయం కొత్త కాదు. ఇది వేరు. నేను బతికే ఉండి, నా లోపలినుంచి నేను ఖాళీ చేసి వెళ్లిపోవడం. అది జరిగే రోజు ఏదో నాకు తెలియను కూడా తెలియదు. నాకు మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఈ తల ఇంకా నాదేనా?

మళ్లీ ఎండలు

సుగుణ తమ్ముడి కూతురి పెళ్లికి సూర్యాపేట బయల్దేరాం. అప్పటికి నాలుగైదు రోజుల ముందు గ్యాస్ మాత్రలు అయిపోయాయి. సుగుణ ముక్క పట్టుకుని వెళ్తే మల్లేశం, "కంపెనీ నుంచే వస్తలేదక్కా. గ్యాస్‌కే ఇంకోటున్నది, తీస్కపో" అని వేరేది ఇచ్చాడు. అది వేసుకుంటే తేన్పులు శుభ్రంగా వచ్చాయి. ఛాతీ మాత్రం తేలిక కాలేదు.

ఎల్‌బీ నగర్‌లో సూర్యాపేట బస్సు కోసం ఎండలో నిలబడ్డాం. నా కాళ్లు వణకడం మొదలైంది. తర్వాత చేతులు, తర్వాత దవడ. బస్సుల హారన్లు ఒక్కొక్కటీ ఒంట్లోంచి దూసుకుపోతున్నాయి. "సుగుణా, గుండె" అన్నాను. ఆవిడ పెళ్లికని కట్టుకున్న చీర కొంగుతోనే నా ముఖం తుడుస్తూ ఆటోవాణ్ని అరిచి పిలిచింది. ఆ ఆటో డ్రైవరు దగ్గర్లో ఉన్న నర్సింగ్‌హోం దాకా రాంగ్ రూట్‌లో తీసుకెళ్లి, డబ్బులు తీసుకోకుండా, "ముందుగాల లోపటికి పో అమ్మా" అని వెళ్లిపోయాడు.

ఈసీజీ తీశారు. గుండె బాగానే ఉందన్నారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నా చేతులు చాపమని చూసి, సుగుణను పక్కకు పిలిచాడు.

"అమ్మా, ఈయన రోజూ తాగుతారా?"

"ఏందీ?" అంది సుగుణ. క్యాజువాలిటీ మొత్తం ఇటు తిరిగింది. "మా ఆయన చాయ్ దప్ప ఏం తాగడు! పెండ్లికి పోతున్నం మేము. గిదేం మాట?"

"కోప్పడకండి. ఇది ఒంటికి అలవాటైనదేదో ఒక్కసారిగా ఆపితే వచ్చే వణుకు. తాగుడు కాకపోతే ఇంకేదో ఆపారు. అదేంటో ఆలోచించండి."

ఏమీ ఆపలేదని ఇద్దరం ప్రమాణపూర్వకంగా చెప్పాం. నిద్రమాత్ర ఎప్పుడో చలికాలంలోనే మానేశాడని సుగుణ గొప్పగా చెప్పింది. అతను తల గోక్కుని, ఆ పూటకు ఒక ఇంజెక్షన్ చేసి, సర్కారు దవాఖానలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లమన్నాడు. ఇంట్లో ఉన్న మందులన్నీ తీసుకెళ్లమని కూడా చెప్పాడు.

శ్రీకాంత్ ఒప్పుకోలేదు. "పిచ్చోళ్ల డాక్టర్ తానికా? ఎవరన్న చూస్తే?"

"చూడనీ. మీ నాన్న పేరు ఇరవై ఏండ్లు పేపర్ల చూసిన్రు, గిప్పుడు గీడ చూస్తరు," అంది వాళ్లమ్మ.

ఓపీలో పొడవాటి బెంచీ. పక్కన కూర్చున్న ముసలాయన నాకు సగం జామకాయ ఇచ్చాడు, ఏ జబ్బని అడగలేదు. లోపల డాక్టరమ్మ నడివయసు మనిషి, గొంతు బొంగురు. మందులు చూపించమంది. సుగుణ బీపీ మాత్రలు తీసింది. అవేనా అంది డాక్టరమ్మ. సుగుణ సంచిలో జిప్పు తెరిచి ముక్కలన్నీ బల్ల మీద కుమ్మరించింది. డాక్టరమ్మ వాటిలో ఒకటి వేలితో పక్కకు జరిపింది.

"ఇదేంటి?"

"అది మందు కాదు మేడం. గ్యాస్‌ది."

డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చదివింది. "ఇందులో రెండున్నాయి. ఒకటి కడుపుకు. రెండోది మీరు మానేశానంటున్న నిద్రమాత్రకు అక్క. ఒకటే కుటుంబం. రోజుకు ఎన్ని వేసుకున్నారు?"

చెప్పాను.

"మీరు నిద్రమాత్ర మానలేదండీ. పేరు మార్చి ఇంకా ఎక్కువ వేసుకున్నారు. అదీ దొరక్కపోయేసరికి ఒళ్లు తిరగబడింది. మీకు సాయంత్రం పూట వచ్చింది గ్యాస్ కాదు. రాత్రి వేసుకున్నది దిగిపోతుంటే ఒళ్లు ఇంకోటి అడగడం."

ఆ ముక్క నా చేతికిచ్చింది. టెండరు ప్రకటనల కింద వేసే షరతులకంటే చిన్న అక్షరాలు. కళ్లద్దాలు తుడుచుకుని చదివాను. ఉంది. మొదటినుంచీ ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన సుగుణ "దేవుడా" అని నుదురు కొట్టుకుంది. ప్రసాదరావుగారిని నా మనసులో నేనన్న మాటలు ఏ పత్రికా అచ్చు వేయదు.

"మరి మతిమరుపు?" అన్నాను.

"అది మందుదా, జబ్బుదా అన్నది ఇప్పుడు నేను చెప్పలేను. చెప్పేవాళ్లను నమ్మకండి. ముందు మందు దింపుదాం. పోయినసారి మీరు మేడ మీంచి దూకారు. ఈసారి మెట్ల మీంచి దిగాలి. చాలా మెట్లున్నాయి, విసుక్కోవద్దు."

విసుక్కోవద్దట. ఆ మాట చెప్పేది నాకా!

వానలు, ఆ తర్వాత

డాక్టరమ్మ ఒకే మందుకు మార్చి, దాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రమ్మంది. తగ్గించినప్పుడల్లా కొన్నాళ్లు నరకం, తర్వాత కొన్నాళ్లు తెరిపి, తెరిపి పడగానే మళ్లీ తగ్గించడం. మాత్రను ముక్కలు చేసే పని సుగుణది. వంటింటి గట్టు మీద తెల్ల కాగితం పరిచి, కొత్త బ్లేడుతో, ఊపిరి బిగబట్టి కోసేది. ఆ సమయంలో ఫ్యాన్ వేయకూడదు, మాట్లాడకూడదు, ముఖ్యంగా నేను అక్కడ నిలబడకూడదు.

ఈలోపు సలహాలు. పడుకునే ముందు గసగసాలు. పాదాలకు ఆవాల నూనె. తల ఉత్తరం వైపు పెట్టొద్దు. ఒక బంధువు, "నిద్ర పట్టకుంటే పడుకోకు బావా, గంతే గద" అని ఫోన్‌లో అరగంట ఉపదేశించాడు. ఫోన్ పెట్టేశాక అతను హాయిగా నిద్రపోయి ఉంటాడు.

ప్రసాదరావుగారికి మర్యాదగానే చెప్పాను, ఆ గ్యాస్ మాత్ర సంగతి ఇదండీ అని. ఆయన నొచ్చుకున్నారు. "భలేవారండీ మీరు! ఎన్నేళ్లనుంచో వేసుకుంటున్నాం. మాకేం కాలేదే? మా ఇంట్లో అన్నం మానేస్తాం గానీ ఇది మానమండీ," అన్నారు. పైమెట్టు ఎక్కి, మళ్లీ వెనక్కి తిరిగి, "అవునూ, మీరేదో గ్యాస్ అంటున్నారే, ఉండండి, మా ఆవిణ్ని ఒక మాత్ర పంపమంటాను" అన్నారు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. వాళ్లావిడ మెట్ల పైనుంచి అంతా వింటోంది. మర్నాడు ఆవిడ సుగుణను కూరగాయల బండి దగ్గర ఆపి, గొంతు తగ్గించి, మా డాక్టరమ్మ ఏ రోజుల్లో కూర్చుంటుందో అడిగిందట.

ఒక వాన మధ్యాహ్నం నా వల్ల కాలేదు. ఆ వారం మెట్టు మరీ ఎత్తుగా ఉంది. సుగుణ స్నానానికి వెళ్లగానే గొడుగు కూడా మరిచి మల్లేశం దుకాణానికి వెళ్లాను. పాత షీటు లేదు, చీటీ లేదు. పేరు నోటితో చెప్పి అడిగాను.

"లేదు సార్."

"ఉన్నది. నీ ఎనకనే అర ఉన్నది."

"ఉంటే ఉన్నది. మీకు లేదు. అక్క అచ్చి చెప్పి పోయింది."

"ఏ అక్క?"

"సుగుణక్క. మా ఆయనకు ఒక్క గోలీ ఇచ్చినవంటే నీ దుకాణం ముంగట చాప ఏస్కొని కూసుంట అన్నది. కూసుంటది సార్ ఆమె."

"ఇన్నేండ్లు ఇచ్చింది నువ్వు గాదా?" అని అరిచాను. మందులకొచ్చిన వాళ్లు పక్కకు జరిగారు.

"నేనే ఇచ్చిన," అన్నాడు మల్లేశం. "మీరడిగిన్రు, ఇచ్చిన. ఇయ్యకుంటే పక్క దుకాణంకు పోతుండె. ఒక్కొక్కలు అంగీ గల్లా పట్టుకుంటరు సార్ నన్ను, గీ గోలీలకు. ఏం జెయ్యమంటరు? గిప్పుడు గూడ పక్కకే పోతరా?"

పక్క దుకాణం వైపు చూశాను. నిజమే, వెళ్లొచ్చు. అక్కడ సుగుణ చెప్పి ఉండదు. మల్లేశం గల్లా వెనకనుంచి స్టూలు తీసి బయట పెట్టాడు. "వాన తగ్గేదాంక కూసోన్రి. జర చాయ్ చెప్త." కూర్చున్నాను. తడిసిన చొక్కాతో వణుకుతూ, చలికో మందుకో తెలియకుండా, ఆ చాయ్ తాగాను. అతను గిరాకీ చూసుకుంటూ మధ్యమధ్యలో తన మోకాలి నొప్పి గురించి చెబుతూనే ఉన్నాడు. అతని మోకాలి కథ ఎంత విసుగ్గా ఉందంటే, అది అయ్యేలోపు నా గండం గడిచింది. వాన తగ్గాక ఇంటికి వెళ్లాను. సుగుణ తలుపు దగ్గరే నిలబడి ఉంది. తువ్వాల ఇచ్చింది.

ఈ ఏడాది

చివరి ముక్క చలికాలంలో అయిపోయింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు నేల ఊగింది. తర్వాత ఊగడం ఆగింది. నిద్ర ఇప్పుడు నాకు ఇష్టమొచ్చినప్పుడు కాక దానికి ఇష్టమొచ్చినప్పుడు వస్తోంది. రానీ.

నరాల డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాం. ఈసారి వేరే మూడు మాటలు. మూడూ చెప్పాను. వెనకనుంచి ముందుకు కూడా చెప్పాను, ఆయన అడక్కపోయినా. మందు మత్తే ఎక్కువ అయ్యుంటుంది, ఇంకో ఏడాది చూద్దాం అన్నాడు. డాక్టర్లు పూర్తి సంతోషం ఎప్పుడూ ఇవ్వరు. శ్రీకాంత్ కారిడార్‌లో నా భుజం మీద చెయ్యి వేసి తీయలేదు. కానీ సుగుణ మాత్రం డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని నమ్మినట్టు కనబడలేదు. ఇంట్లో మళ్లీ అదే మెత్తదనం. చాయ్ వేడిగున్నది, చూసి తాగున్రి. మెట్లు, చూసి దిగున్రి. నేను ఏం చెప్పినా, "అవునవును" అనేది.

పోయిన నెలలో ఆవిడ తమ్ముడు వెంకన్న వచ్చి వెళ్తుంటే ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కించడానికి ఇద్దరం వెళ్లాం. బస్సు నిండలేదని డ్రైవరు కదల్చడం లేదు. వెంకన్న కిటికీలోంచి, మేం కిందనుంచి, పాత సంగతులు మాట్లాడుకుంటున్నాం. వెంకన్న పెళ్లి ప్రస్తావన వచ్చింది. బ్యాండువాళ్ల లారీ చిట్యాల దగ్గర ఆగిపోయింది కదా అంది సుగుణ.

"చిట్యాల కాదు, నకిరేకల్," అన్నాను. "లారీ గాదు, ట్రాక్టర్. బ్యాండోళ్లు రాకుంటే మీ చిన్నాయన పళ్లెం తీస్కొని కొట్టిండు. నువ్వు మెంతిరంగు చీర కట్టినవ్, దాని మీద ఎవరో పప్పుచారు పోసిన్రు. నువ్వు ఆ పంతులును తిట్టినవ్. పోసింది పంతులు గాదు, మీ అక్క."

వెంకన్న కిటికీ కొట్టి నవ్వాడు. "బావ చెప్పిందే కరెక్ట్! అక్కా, పెద్దక్కే పోసింది!"

సుగుణ నావైపు తిరిగింది. అలాగే చూసింది. ఆవిడ ముఖంలో ఏదో మెల్లగా మారింది. కళ్లు చిన్నవయ్యాయి. చెయ్యి నడుం మీదికి వెళ్లింది.

"గప్పటి పప్పుచారు గింత యాదికున్నది గద. పొద్దుగాల పాల ప్యాకెట్ తెమ్మని పంపితే ఉత్త చేతులతోని ఎట్లొచ్చిన్రు?"

బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి చూస్తున్నారు. నేను ఏదైనా సాకు కోసం వెతికాను. మాత్ర లేదు, మత్తు లేదు, చెప్పుకోవడానికి ఏ మందూ మిగల్లేదు.

"మర్చిపోయిన," అన్నాను.

"అదే, ఎందుకు అంటున్న!"

"గట్లనే, మర్చిపోయిన."

ఇక మొదలుపెట్టింది. పాలతో మొదలై, తువ్వాల మీదుగా, కరెంటు బిల్లు దాకా వెళ్లింది. బస్సు కదిలినా ఆపలేదు. నేను తల వంచుకుని, ఒక్క మాటా పోకుండా విన్నాను.